కుడి సీట్లో కూర్చునేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. రేపు ఎయిర్‌లైన్‌లో చేరితే మీలో దాదాపు అందరూ ముందు కూర్చునేది కుడి సీట్లోనే, అంటే కోపైలట్ (ఫస్ట్ ఆఫీసర్) సీట్లోనే, అందుకే ఈరోజు ఆ సీటు గురించే మాట్లాడతాను.

రాత్రి, మబ్బు, చుట్టూ కొండలు, దిగుతున్నారు. ఉన్నట్టుండి కాక్‌పిట్‌లో "టెరైన్, టెరైన్, పుల్ అప్" (నేల దగ్గరపడింది, పైకి లేపు) అని వినిపిస్తుంది. బయట చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏం చేయాలో మీకు నోటికి వచ్చు: ఆటోపైలట్ తీసేయాలి, ఇంజన్లకు పూర్తి పవర్ ఇవ్వాలి, రెక్కలు సమంగా పెట్టి ముక్కు పైకెత్తాలి, స్పీడ్‌బ్రేకులు, అంటే వేగం తగ్గించడానికి రెక్కల మీద లేచే పలకలు, తెరిచి ఉంటే మూసేయాలి, ఫ్లాపులు, చక్రాలు ముట్టుకోకూడదు. ఆ హెచ్చరిక నిజమా కాదా అన్న ఆరా పైకి వెళ్లాక తీసుకోవచ్చు.

1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ అనే అమెరికా ఎయిర్‌లైన్ విమానం వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతూ కొండను ఢీకొని 92 మంది పోయాకే అమెరికా ఈ హెచ్చరిక ఇచ్చే పరికరాన్ని తప్పనిసరి చేసింది. డాన్ బేట్‌మన్ అనే కెనడా ఇంజనీరు దీన్ని రూపొందించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూనే వచ్చారు. మొదట్లో అది కిందనున్న నేలనే చూసేది, ఎదురుగా నిటారుగా లేచే కొండ దానికి చాలా ఆలస్యంగా తెలిసేది.

1995 డిసెంబర్ 20 రాత్రి కొలంబియాలోని కాలీకి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 757కి సరిగ్గా అదే జరిగింది. హెచ్చరిక మోగాక మిగిలింది పన్నెండు పదమూడు సెకన్లు. పైలట్లు తటపటాయించలేదు, ఆటోపైలట్ తీసేశారు, పవర్ పెంచారు, ముక్కు లాగారు. కానీ కిందికి త్వరగా దిగడానికి అంతకుముందు తెరిచిన స్పీడ్‌బ్రేకులు అలాగే ఉండిపోయాయి. 757లో అవి వాటంతట అవి మూసుకోవు, ఆ కంగారులో ఇద్దరికీ అవి గుర్తు రాలేదు. 159 మంది చనిపోయారు, నలుగురే బతికారు. వెంటనే మూసి ఉంటే విమానం ఆ శిఖరం దాటి ఉండేదేమోనని తర్వాత లెక్క కట్టారు. అది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అందుకే ఒకరు లాగుతుంటే రెండోవారు చూస్తూ ఊరుకోకూడదు. పవర్ నిండుగా ఉందా, స్పీడ్‌బ్రేకులు మూశారా, నేల ఎంత దూరంలో ఉందో పైకి చెప్తూ ఉండాలి, ఏది మర్చిపోయినా అరిచి చెప్పాలి.

ఇంతకన్నా బాధాకరమైనది 2010 జూలై 28న ఇస్లామాబాద్‌లో కూలిన ఎయిర్‌బ్లూ విమానం. అప్పటికి పరికరం ముందున్న కొండను కూడా చూడగలదు, చివరి 70 సెకన్లలో ఇరవై సార్లకు పైగా హెచ్చరించింది. ఫస్ట్ ఆఫీసర్ వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాడు, ప్రమాదం అతనికి తెలుస్తూనే ఉంది, "సార్, పుల్ అప్" అని బతిమాలుతూనే ఉన్నాడు. కంట్రోల్స్ మాత్రం తీసుకోలేదు. అదే ప్రయాణంలో అంతకుముందు కెప్టెన్ అతన్ని చాలాసేపు ప్రశ్నలతో చిన్నబుచ్చాడని దర్యాప్తులో తేలింది. 152 మందిలో ఒక్కరూ మిగల్లేదు. దానికి రెండు నెలల ముందే మన మంగళూరులోనూ కోపైలట్ "గో అరౌండ్" (దిగకుండా మళ్లీ పైకి వెళ్దాం) అన్నాడు, అయినా విమానం దిగింది, 158 మంది పోయారు.

పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని మనల్ని పెంచారు, ఇంట్లో అది మంచి అలవాటే. కాక్‌పిట్‌లో "సార్" అనండి, కానీ ఒకసారి, రెండుసార్లు చెప్పినా కెప్టెన్ కదలకపోతే "ఐ హావ్ కంట్రోల్" అని మీరే తీసుకోండి.

మధ్యాహ్నం సిమ్యులేటర్‌లో ఎడమ సీట్లో, అంటే కెప్టెన్ సీట్లో, నేను కూర్చుంటాను. హెచ్చరిక మోగినా వినిపించుకోను, మీ మీద కసురుకుంటాను కూడా. నా చేతుల్లోంచి విమానాన్ని తీసుకునేదాకా ఎవరినీ బయటికి పంపను.