ఒకే చోటు, ఏడాదంతా: పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా బృందం ఫోటో ప్రాజెక్టు ప్లాన్ చేయడం ఎలా

నమస్కారం అండీ. ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూర్ వైపు కెమెరా ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మొదట వచ్చే మాట "మన ఊళ్లన్నీ ఏడాదంతా తీద్దాం" అని. మూడో నెలకి ఫోల్డరు నిండా మంచి ఫోటోలుంటాయి, పక్కపక్కన పెడితే ఏ రెండూ కలవవు. ఈ వీడియోలో ఆ కలిసే పద్ధతి చెప్తున్నాం: ఒక చోటు నుంచి, ఒకే చూపుతో, వేరువేరు మనుషులు నెలనెలా తీసినా ఒకరే తీసినట్టు ఉండాలి.

ముందు లెక్క. ఆరుగురు ఉంటే ఎనిమిది చోట్లు చాలు. ఇరవై పెట్టుకోకండి. ఎనిమిది చోట్లు, పన్నెండు నెలలు, అంటే 96 సార్లు వెళ్లాలి. ప్రతి చోటుకీ ఒక అసలు మనిషి, ఒక బదులు మనిషి. ప్రతి నెలా 1 నుంచి 7వ తేదీలోపు తీయాలి. అసలు మనిషి 5వ తేదీ దాకా వెళ్లకపోతే, అడక్కుండానే బదులు మనిషి బయల్దేరాలి. ఈ ఒక్క నియమం లేక ఆగిపోయే ప్రాజెక్టులే ఎక్కువ.

చోట్ల ఎంపికకి వద్దాం. మారేది ఒకటి, మారనిది ఒకటి ఫ్రేములో ఉండాలి. కాశీనగరం దగ్గర వంశధార నీరు మారుతుంది, అవతలి కొండ గీత మారదు. గుణుపూర్ పొలాల్లో నారు, కోత, బీడు మారతాయి, గట్టు మీద తాటిచెట్టు ఉంటుంది. పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డు, బజారు వీధి, రైల్వే స్టేషను బయటి రోడ్డు. ఈ రైలు లైనులో 2004లో నారోగేజ్ (సన్న పట్టాల రైలు) ఆగిపోయి, 2011 నాటికి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాలు) వచ్చింది. ముందూ తర్వాతా ఒకే చోటి నుంచి తీసిన ఫోటోలుంటే ఇవాళ ఎంత విలువో ఆలోచించండి. 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల సంగతీ అంతే. తుఫాను తర్వాతి ఫోటో ఎవరైనా తీస్తారు, కొరత ముందటి ఫోటోకే.

నది దగ్గర ఒక హెచ్చరిక. ఇసుక మీద నిలబడే చోటు పెట్టుకోకండి. వర్షాకాలం పోయేసరికి ఆ ఇసుక మట్టం మారిపోతుంది, కొన్నాళ్లు అక్కడ నీళ్లే ఉంటాయి. ఘాట్ మెట్టు, వంతెన పక్క కాలిబాట, గుడి అరుగు లాంటి కట్టినవి ఎంచుకోండి.

(తెర మీద: చోటు కార్డు నమూనా, అంటే ఆ చోట ఎక్కడ, ఎలా నిలబడాలో రాసే కాయితం)

ఇక అసలు విషయం, నిలబడే బిందువు. ఫోన్ జీపీఎస్ నమ్ముకుంటే సరిపోదు. ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా రావచ్చు, బజారు వీధిలో ఇంకా ఎక్కువ. జీపీఎస్ ఆ వీధి దాకా చేర్చడానికే. అక్కడి నుంచి కంటి గీతలు పనిచేస్తాయి. దగ్గర ఉన్న కరెంటు స్తంభం అంచు, దూరంగా ఉన్న కొండ మీది ఒక నొక్కు, రెండూ ఒకే గీతలోకి వచ్చేలా నిలబడండి. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే స్తంభం ఆ నొక్కు నుంచి తప్పుకుంటుంది. ఇలాంటి జంట ఫ్రేము ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి చూసుకోండి. రెండూ కలిసేది ఒక్క చోటే. దగ్గరి వస్తువు ఎంత దగ్గరైతే గురి అంత కచ్చితం. చెట్టు కొమ్మ, ఫ్లెక్సీ బోర్డు గుర్తుగా పెట్టుకోకండి, అవి రేపు ఉండవు. గోడ మూల నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి కార్డు మీద రాయండి. లెన్సు మధ్య భాగం నేల నుంచి 150 సెంటీమీటర్లు. ఇదీ టేపుతోనే, అందరి ఎత్తూ ఒకటి కాదుగా.

లెన్సు సంగతికి మనవాళ్లు గంటలు ఖర్చుపెడతారు. నిజానికి అది నిలబడే చోటు కన్నా చిన్న విషయం. ఒకే బిందువు నుంచి కొంచెం వెడల్పుగా తీసినా తర్వాత కత్తిరించి కలపొచ్చు. బిందువు తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. అయినా ఒక మాట అనుకోండి: ఫుల్‌ఫ్రేమ్‌లో (పెద్ద సెన్సరు కెమెరా) 35 మిల్లీమీటర్లు, 1.5 క్రాప్ కెమెరాలో (చిన్న సెన్సరుది) 24, 1.6 క్రాప్ అయితే 22. కిట్ లెన్సు జూమ్ రింగు జారుతుంది, చిన్న టేపు ముక్క అంటించండి. కెమెరాని పైకీ కిందికీ వంచకుండా లెవెల్ చూసుకోండి. చుట్టూ పదో వంతు ఖాళీ వదిలి తీయండి, కలిపేటప్పుడు అంచులు పోతాయి.

కెమెరా సెట్టింగులు: ఎఫ్ 8 (లెన్సు రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే మోతాదు) 100 లేక 200, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎండ గుర్తు మీద, రా ఫైలుతో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) పాటు జేపెగ్. ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే పచ్చటి పొలం ఒక నెల నీలంగా, ఒక నెల పసుపుగా వస్తుంది.

సమయం కూడా గడియారాన్ని బట్టి పెట్టకండి. ఇక్కడ జూన్‌లో సూర్యుడు 5:20 దగ్గర వస్తాడు, జనవరి మధ్యలో 6:30. "ఉదయం 7 గంటలకి" అని రాసుకుంటే జూన్‌లో నీడలు పొట్టిగా, జనవరిలో పొడుగ్గా పడతాయి. సూర్యోదయం తర్వాత గంట అని రాయండి. ఇంకో సంగతి, మన అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు. మే మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఏడాదిలో మిగతా రోజుల్లో మధ్యాహ్నం నీడలో ఉండే ఉత్తరం గోడకి ఆ మధ్యాహ్నాల్లో ఎండ తగులుతుంది. గోడలున్న చోటైతే ఇది ముందే లెక్కలో పెట్టుకోండి. రథయాత్ర లాంటి పండుగ చోటు పెట్టుకుంటే, వచ్చే ఏడాది తేదీ కాదు, తిథి చూసుకోవాలి.

చోటికి చేరాక మొదటి ఫ్రేము ఫోన్ గడియారానిది తీయండి. ఆరు కెమెరాల్లో ఆరు టైములు ఉంటాయి, దీంతో తర్వాత సరిచేసుకోవచ్చు. తర్వాత కిందటి నెల ఫోటో ప్రింటు పక్కన పట్టుకుని, స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు పెట్టి, గుర్తులు అవే గళ్లలో పడ్డాయో లేదో చూసి మూడు ఫ్రేములు. చలికాలం ఉదయాల్లో మంచు కమ్మితే దూరపు గుర్తు కనిపించదు. అప్పుడు గోడ మూల కొలతే దిక్కు.

ఫైళ్లు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు దాదాపు 30 ఎంబీ, జేపెగ్ పది. 96 సార్లకి మూడేసి చొప్పున 288 ఫ్రేములు, దగ్గర దగ్గర 12 జీబీ. గూగుల్ ఇచ్చే ఉచిత 15 జీబీలో ఇప్పటికే మెయిళ్లు ఉంటాయి కాబట్టి కొత్త ఖాతా తెరవండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన టైము వివరాలూ పోతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి. పేరులో ఏడాది, నెల, తేదీ, చోటు నంబరు, తీసినవారి పొడి అక్షరాలు, ఇంగ్లీషులోనే. రెండు హార్డ్‌డిస్కులు, ఒకటి పర్లాకిమిడిలో, ఒకటి గుణుపూర్‌లో. రెండూ ఒకే బీరువాలో ఉంటే రెండో కాపీ ఉన్నా లేనట్టే.

ఒక నెల తప్పితే ఖాళీగానే వదిలేయండి. తేదీ మార్చి పెడితే నీటి మట్టం చూసేవాడికి అబద్ధం చెప్పినట్టవుతుంది.

హక్కుల కాయితం మొదటి రోజే రాసుకోండి. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం, జీతానికో డబ్బిచ్చిన ఆర్డరుకో తీసినవి కాకపోతే, ఫోటో తీసినవారే తొలి యజమాని, బృందం కాదు. మధ్యలో ఒకరు మానేస్తే వారి ఫోటోలు ప్రాజెక్టులో ఉంటాయా, ప్రదర్శనకి, పుస్తకానికి వాడొచ్చా అన్నది రాసి సంతకాలు పెట్టుకోండి. మొహమాటపడితే తర్వాత గొడవ. సవర ఊళ్లలో గోడ బొమ్మలు, ఇడిటల్ అంటారు, అవి పూజకి సంబంధించినవి. ఇంటివారు సరే అంటేనే తీయండి, ఒప్పందం ఒడియాలోనో సవరలోనో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. నిలబడే చోటికి గుర్తుగా పొలం రాయి మీదా, గుడి అరుగు మీదా రంగు పూయకండి.

(తెర మీద: రెండు ఫోటోలు ఒకదానిపై ఒకటి)

మొదటి నెలకి ముందు ఒక పరీక్ష. కార్డు రాసినవారు కాకుండా, ఆ చోటు ఎప్పుడూ చూడని సభ్యుడికి కార్డు మాత్రమే ఇచ్చి పంపండి. ఫోన్ చేసి అడగనివ్వకండి. వచ్చిన ఫోటోని మొదటిదాని మీద సగం పారదర్శకంగా పరిచి చూడండి. దూరపు కొండ కలిసి, దగ్గరి స్తంభం కలవలేదంటే నిలబడిన చోటు తప్పింది. అన్నీ ఒకే లెక్కన పక్కకు జరిగాయంటే కెమెరా తిరిగింది అంతే, అది కంప్యూటరులో సర్దొచ్చు. చోటు తప్పితే కార్డుకి ఇంకో జంట గుర్తులు చేర్చి, మళ్లీ వేరే మనిషిని పంపండి. రెండోసారీ కలవని చోటుని జాబితాలోంచి తీసేయండి.