చెయ్యి ఆపుకోవలసిన మూడు గాయాలు

పెద్దలకు, ఎన్‌సీసీ కేడెట్లకు నమస్కారం.

చేతికో కాలికో తూటా తగిలి నెత్తురు చిమ్ముతుంటే గాయం మీద గట్టిగా అదమాలని, ఆగకపోతే పైభాగాన టోర్నికెట్, అంటే నెత్తురు పారకుండా ఆపే పట్టీ, బిగించాలని మీకు ఇప్పటికే నేర్పారు. ఆ శిక్షణ ప్రాణాలు నిలుపుతుంది. అయితే అదే చురుకుదనంతో తల, కన్ను, పొట్ట గాయాల మీద చెయ్యి వేస్తే బతకగలిగిన మనిషిని పోగొట్టుకోవచ్చు, నిలవగలిగిన చూపును పాడుచేయవచ్చు. ఈ మూడు చోట్లా అదమాలని, లాగాలని, లోపలికి తోయాలని తహతహలాడే చేతిని ఆపుకోవడమే ప్రథమ చికిత్సలో ముఖ్యమైన పని అని చెప్పడానికి ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ముందుగా ఏ పని తర్వాత ఏ పని అన్న వరుస తెలియాలి. అమెరికా సైనిక వైద్యులు 1996లో ప్రకటించి, తర్వాత అనేక దేశాల సైన్యాలు స్వీకరించిన పద్ధతి ప్రకారం, కాల్పులు సాగుతున్నంతసేపూ ఎదురుకాల్పులు జరపడం, క్షతగాత్రుణ్ణి చాటుకు చేర్చడం, ప్రాణం తీసే రక్తస్రావాన్ని ఆపడం తప్ప వేరే వైద్యం లేదు. చాటుకు చేరాక శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ చూసుకున్న తర్వాతే మిగిలినవి. ఆ పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడైన ఫ్రాంక్ బట్లర్ స్వయానా కంటివైద్యుడు. ఆయనే కంటిని వరుసలో వెనక్కి పెట్టాడంటే, చూడటానికి భయంకరంగా ఉన్న గాయమే ముందు ప్రాణం తీస్తుందనుకోవడం ఎంత పొరపాటో గ్రహించండి.

తలకు తగిలిన తొలి దెబ్బ మెదడుకు చేసిన నష్టాన్ని మనం వెనక్కి తిప్పలేము. ఆ తర్వాత ప్రాణవాయువు అందకపోవడం వల్ల, రక్తపోటు పడిపోవడం వల్ల జరిగే రెండో నష్టాన్ని మాత్రం ఆపగలము. తలగాయం ఉన్నవారిలో పై రక్తపోటు 90 కంటే దిగితే మరణించే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని 1990లలోనే తేలింది. అందుకే తల పగిలిన మనిషికి మొదట కాపాడవలసింది ఊపిరిని, ఒంట్లోని రక్తాన్ని. స్పృహ లేకపోతే, మెడ మెలి తిరగకుండా పట్టుకుని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ముక్కు నుంచో చెవి నుంచో నెత్తురుతో కలిసి నీరులాంటి ద్రవం కారుతుంటే దూది కుక్కకూడదు, బయటికి కారనివ్వాలి. పుర్రె ఎముక లోపలికి కుంగినట్టు కనిపిస్తే కుంగిన చోట అదమకుండా, చుట్టూ మెత్త పెట్టి వదులుగా కట్టు కట్టాలి. నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు ఇవ్వకూడదు, ఎందుకంటే అది ఊపిరిని మందగింపజేస్తుంది, కనుపాపలను చిన్నవిగా చేసి మెదడు పరిస్థితిని కప్పిపుచ్చుతుంది. మరొక మాట, మతి స్థిమితం తప్పిన సిపాయి చేతిలోని తుపాకినీ వైర్‌లెస్ సెట్టునూ వెంటనే తీసుకోవాలి. తనవాళ్లనే శత్రువులనుకునే స్థితిలో అతను ఉండవచ్చు.

పిలిస్తే పలికాడా, గిల్లితే కదిలాడా, ఏమీ లేదా అన్నది వేళతో సహా కార్డు మీద రాయండి. పలికే మనిషి గంట తర్వాత పలకకపోతే, సర్జన్‌కు ఆ రాత ఎంతో విలువైనది.

ఇక కన్ను. నా అనుభవంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. లేత తాటిముంజను వేలితో నొక్కి చూసినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. పొర ఎక్కడ చిట్లితే అక్కడి నుంచి నీరు చిమ్ముతుంది, ఇక ఆ ముంజ మళ్లీ నిండదు. చిల్లుపడిన కనుగుడ్డు కూడా అంతే. దాని మీద మెత్త పెట్టి బిగించి కడితే లోపలి పదార్థం బయటికి వచ్చేస్తుంది. కనుపాప గుండ్రంగా కాక కన్నీటిబొట్టులా ఒక వైపుకు సాగినా, నల్లగుడ్డు అంచున గోధుమరంగు కండ తొంగిచూసినా, చూపు ఒక్కసారిగా తగ్గినా కన్ను చిల్లుపడిందనే భావించాలి. ముందు చూపును పరీక్షించాలి. అక్షరాలు చదవగలడా, వేళ్లు లెక్కపెట్టగలడా, కనీసం వెలుతురు తెలుస్తోందా అని అడిగి రాసుకోవాలి. తర్వాత కంటికి తగలకుండా, కనుబొమ ఎముక మీదా చెంప ఎముక మీదా ఆనేలా గట్టి కవచం అమర్చాలి. కవచం లేకపోతే కాగితపు టీకప్పు చాలు. గుచ్చుకున్న ముక్కను లాగకూడదు, మందు వేయకూడదు, కడగకూడదు. రసాయనం పడితే మాత్రం ఇందుకు విరుద్ధం, అప్పుడు ఆలస్యం లేకుండా ధారాళంగా నీళ్లతో కడగాలి. మన దీపావళి టపాసుల గాయాలకు కూడా ఈ కప్పు పద్ధతే వర్తిస్తుంది.

పొట్ట గాయాల చరిత్ర కొంచెం చెప్పాలి. 1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో, పొట్టలో తూటా దిగినవారిని కోయకుండా వదిలేయడమే మేలని బ్రిటిష్ సర్జన్లు తలచారు. 1904-05 రష్యా జపాన్ యుద్ధంలో వేరా గెడ్రోయిట్స్ అనే రష్యన్ వైద్యురాలు, యుద్ధరంగానికి దగ్గరగా నిలిపిన రైలు పెట్టెలోనే త్వరగా శస్త్రచికిత్సలు చేసి మంచి ఫలితాలు సాధించింది. 1915 నాటికి మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రంగంలోనూ సర్జన్లు అదే దారి పట్టారు. పొట్టలోపలి రక్తస్రావానికి టోర్నికెట్ లేదు, ఆపేది సర్జన్ కత్తి ఒక్కటే. కాబట్టి మన ప్రథమ చికిత్స అంతా మనిషిని త్వరగా, వెచ్చగా సర్జన్ దగ్గరికి చేర్చడానికే. ఒళ్లు చల్లబడితే నెత్తురు సరిగా గడ్డకట్టదు.

పేగులు బయటపడితే వాటిని మీరు లోపలికి తోయకూడదు. సెలైన్‌తోనో శుభ్రమైన నీటితోనో తడిపిన డ్రెస్సింగ్ కప్పి, అది ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ పరచి, వదులుగా కట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిస్తే పొట్ట కండరాలు సడలి నొప్పి తగ్గుతుంది. దాహమని ఎంత బతిమాలినా పెదవులు తడపడం వరకే. ఆ మాట కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. పిరుదులోనో ఛాతీ కిందిభాగంలోనో దిగిన తూటా కూడా పొట్టలోకి చేరవచ్చు, అందుకే వీపు వైపు తిప్పి చూడకుండా పంపవద్దు.

బయట చెట్టు కింద కాగితపు కప్పులు, ప్లాస్టర్ ఉంచాను. ఇద్దరిద్దరుగా ఒకరి కంటికి ఒకరు అమర్చండి. అమర్చాక కప్పు కింద కన్ను తెరిచి మూయమనండి. రెప్ప వెంట్రుకలు కప్పుకు తగిలితే విప్పి మళ్లీ అమర్చండి.