డిగ్రీ లేకుండా కంట్రోల్ టవర్‌లో ఉద్యోగం: ఎయిర్ ట్రాఫిక్ అసిస్టెంట్ అవ్వాలనుకునే వాళ్లకి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

మీరు ముందే రాసిచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే. స్కూలు చదువు అయింది, డిగ్రీ లేదు, కంట్రోలర్ పోస్టుకి అర్హత సరిపోదు, అసిస్టెంట్‌గా తీసుకుంటారా అని. తీసుకుంటారు. చాలా సంస్థలు ఈ పోస్టుకి అడిగేది స్కూలు పూర్తిచేసిన సర్టిఫికెట్, అందులో ఇంగ్లిష్, లెక్కల్లో పరవాలేదనిపించే మార్కులు, కంప్యూటర్ మీద చెయ్యి తిరిగి ఉండటం, రాత్రి షిఫ్టులకి ఒప్పుకోవడం. అంతే. కాకపోతే "అది రాలేదు కాబట్టి ఇటొచ్చాను" అనే మొహంతో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లని మాత్రం తీసుకోరు, అది ఎదురుగా కూర్చున్నవాళ్లకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అసలు పనేంటో చెప్తాను. పైలట్లతో మాట్లాడి, విమానాల మధ్య దూరం చూసి, ఎవరు ముందు దిగాలో తేల్చేది కంట్రోలర్. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారమంతా సరిగ్గా, సమయానికి కంట్రోలర్ ముందు ఉండేలా చూసేది అసిస్టెంట్. ఫ్లైట్ ప్లాన్లు, అంటే విమానం ఎక్కడికి, ఎప్పుడు, ఏ దారిలో వెళ్తుందో ముందే రాసిచ్చే ఫారాలు, చూడటం, పక్క సెంటర్‌తో ఫోన్‌లో అంచనా టైములు ఇచ్చిపుచ్చుకోవడం, వాతావరణ రిపోర్టులు, నోటామ్‌లు (రన్‌వే మూసివేత లాంటి వాటి గురించి వచ్చే నోటీసులు) అందించడం, రికార్డులు రాయడం. కాగితం స్ట్రిప్పులు ఇంకా వాడే టవర్లలో అయితే వాటిని సిద్ధం చేయడం కూడా. స్ట్రిప్ అంటే సన్నటి పొడవాటి కాగితం ముక్క, ప్లాస్టిక్ పట్టీలో దూర్చి కంట్రోలర్ ముందున్న బోర్డు మీద వరుసగా పెడతారు. విమానానికి ఒకటి. కాల్‌సైన్ (రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు), విమానం రకం, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ రూటు, ఎంత ఎత్తు, రాడార్ మీద విమానాన్ని గుర్తుపట్టడానికి దాని ట్రాన్స్‌పాండర్ అనే పరికరంలో పెట్టే నాలుగంకెల కోడ్, అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ కోడ్‌లో 0 నుంచి 7 వరకు అంకెలే వస్తాయి, 8, 9 ఉండవు, అందుకే ప్రపంచం మొత్తానికి ఉన్నవి 4096 కోడ్‌లే. అంటే మీ చేతికి వచ్చిన స్ట్రిప్ మీద 4821 అని ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఎవరో తప్పు రాశారు, బోర్డు మీదకి వెళ్లకముందే దాన్ని ఆపాలి.

ఇలా పొరబడే చోట్లు ఇంకా ఉంటాయి. బీ738 అంటే బోయింగ్ 737-800, బీ38ఎం అంటే 737 మ్యాక్స్ 8. బర్మింగ్‌హామ్ అనే ఊరు ఇంగ్లండ్‌లో ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది, కానీ ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఎయిర్‌పోర్టులకి ఇచ్చే నాలుగక్షరాల కోడ్‌లో మొదటిది ఈజీబీబీ, రెండోది కేబీహెచ్ఎం. ఫ్లైట్ ప్లాన్‌లో టైములన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటాయి కాబట్టి ఇక్కడ తెల్లవారినా ప్లాన్‌లో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుండొచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ తేదీ దగ్గరే. ఇవేవీ కష్టమైన చదువు కాదు, డిగ్రీలో నేర్పేవి కూడా కాదు. పదిసార్లు సరిగ్గా చూసినవాడు పదకొండోసారి కూడా అంతే శ్రద్ధగా చూస్తాడా, అర్ధరాత్రి మూడింటికి కూడా చూస్తాడా అన్నదే ఇక్కడ లెక్క.

ఈ పనిలో బయటివాళ్లకి అస్సలు తెలియని భాగం ఒకటుంది, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. ఒక చిన్న విమానం వస్తానన్న టైముకి రాలేదనుకోండి. అంచనా టైము దాటి అరగంటయినా దిగలేదు, కబురు లేదు. అప్పుడు ఇన్సెర్ఫా అనే అనుమాన దశ ప్రకటిస్తారు. దాని తర్వాత అలెర్ఫా, అంటే ఆందోళన దశ, చివరిది డెట్రెస్ఫా, అంటే ప్రమాద దశ. ఈ మొదటి దశలో ఫోన్లు పట్టుకునేది చాలా చోట్ల అసిస్టెంటే. బయల్దేరిన చోటుకి ఫోన్: అసలు గాల్లోకి లేచిందా? దారిలో ఉన్న ఒక్కో ఎయిర్‌ఫీల్డ్‌కి ఫోన్: మీ దగ్గర దిగిందా, ఒకసారి బయటికెళ్లి పార్కింగ్ చూసి చెప్తారా? చాలాసార్లు ఆ పైలట్ ఎక్కడో హాయిగా దిగి, దిగానని చెప్పి ప్లాన్ మూసెయ్యడం మర్చిపోయి వెళ్లిపోయి ఉంటాడు. కానీ అలా అనుకుని ఫోన్ చెయ్యడం ఆపకూడదు. ఫ్లైట్ ప్లాన్ ఫారంలో చివర 19వ అంశం అని ఒకటుంటుంది: ఎంతసేపటికి సరిపడా ఇంధనం ఉంది, లోపల ఎంతమంది, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, విమానం రంగేంటి. మామూలుగా దీన్ని మిగతా ప్లాన్‌తో కలిపి పంపరు, ప్లాన్ ఇచ్చిన చోటే ఉంచుతారు. వెతకాల్సి వచ్చినప్పుడు మాత్రం రెస్క్యూ వాళ్లు మొదట అడిగేది అదే. దాన్ని నిమిషాల్లో తెప్పించి అంకెలు తిరిగి చదివి సరిచూసుకుని అందించే మనిషి విలువ ఆ రోజు తెలుస్తుంది.

ఇక ఉద్యోగం ఎలా వెతకాలి. ముందుగా, ఒకే పేరుతో వెతక్కండి. ఎయిర్ ట్రాఫిక్ సర్వీసెస్ అసిస్టెంట్, ఫ్లైట్ డేటా అసిస్టెంట్, ఆపరేషన్స్ అసిస్టెంట్, ఇలా సంస్థని బట్టి పేరు మారుతుంది. ఎయిర్ నావిగేషన్ సేవలు ఇచ్చే సంస్థలు, సొంత టవర్ నడుపుకునే చిన్న ఎయిర్‌పోర్టులు, వైమానిక దళాల్లో సివిలియన్ పోస్టులు, ఈ మూడు చోట్లా చూడండి. ఒక్కో యూనిట్‌లో ఉండే పోస్టులు తక్కువ, పైగా ఎలక్ట్రానిక్ స్ట్రిప్పులు వచ్చాక ఇంకా తగ్గుతున్నాయి, ఇది దాచిపెట్టి లాభం లేదు. చాలా ఖాళీలు లోపలివాళ్లకే ముందు తెలుస్తాయి. అందుకని ఎయిర్‌పోర్టు ఆపరేషన్స్‌లోనో, ఏదైనా ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ కంట్రోల్‌లోనో, గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లోనో, వాతావరణ పరిశీలనలోనో ముందు చేరి, అక్కడినుంచి అప్లై చేసుకోవడం నా ఉద్దేశంలో దగ్గరి దారి.

సెలక్షన్‌లో పరీక్షలు పెద్ద విషయమేం కాదు: రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి తేడాలు పట్టడం, వింటూ రాయడం, టైపింగ్. ఇంటర్వ్యూలో మాత్రం మీ పాత పని గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. మందుల షాపులో బిల్లింగ్ చేశారా, గోడౌన్‌లో స్టాక్ రాశారా, కాల్ సెంటర్లో చేశారా, ఏదైనా పనికొస్తుంది, కాకపోతే "నేను చాలా జాగ్రత్తగా ఉంటాను" అని చెప్తే ఎవరూ నమ్మరు. ఏ తప్పు ఎక్కడ పట్టుకున్నారు, ఎవరికి చెప్పారు, ఎంతసేపట్లో చెప్పారు, అది చెప్పండి. ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: కంట్రోలర్ చాలా బిజీగా ఉన్నాడు, మీకు ఏదో తేడా కనిపించింది, ఏం చేస్తారు? మర్యాదగా ఆగి, ఖాళీ అయ్యాక చెప్తానంటే ఆ జవాబు తప్పు. రెండు ముక్కల్లో, వెంటనే, వాళ్లకి వినపడేలా చెప్పాలి. సీనియర్ కసురుకున్నా సరే.

ఈలోగా ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగినవి ఉన్నాయి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. రేడియోలో ఏ, బీ అక్షరాలకి వాడే ఆల్ఫా, బ్రావో అక్షరమాల మొత్తం, తడుముకోకుండా. అంకెలు రేడియోలో పలికే తీరు, 9ని నైనర్ అనడం లాంటివి. రోజుకో మెటార్, అంటే కోడ్‌లో రాసిన ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టు, చదవండి: 27015జీ25కేటీ అని ఉంటే గాలి 270 డిగ్రీల వైపు నుంచి 15 నాట్లతో వీస్తోంది, మధ్యలో 25 దాకా లేస్తోంది అని చూడగానే రావాలి. ఫ్లైట్ ప్లాన్ ఖాళీ ఫారం ఒకటి ప్రింట్ తీసుకుని నింపి చూడండి.

డబ్బు కట్టించుకుని "ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అసిస్టెంట్ లైసెన్స్ ఇప్పిస్తాం, జాబ్ గ్యారంటీ" అనేవాళ్లున్నారు, వాళ్ల జోలికి వెళ్లకండి. లైసెన్సుల గురించి చెప్పే ఐకావో అనుబంధం 1లో కంట్రోలర్‌కి లైసెన్స్ ఉంది, అసిస్టెంట్‌కి లేదు. ఏదైనా దేశం సొంతంగా అలాంటిది పెట్టుకుంటే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సైట్‌లోనే కనపడుతుంది, అక్కడ చూసుకోకుండా ఎవరికీ పైసా ఇవ్వకండి. అసిస్టెంట్ శిక్షణ సాధారణంగా చేరాక, సంస్థే ఇస్తుంది.

తర్వాత కంట్రోలర్ అవ్వొచ్చా? కొన్ని సంస్థలు లోపలివాళ్లని అప్లై చేసుకోనిస్తాయి, కానీ దానంతటదే వచ్చే ప్రమోషన్ కాదది. ఐకావో లెక్కన లైసెన్స్‌కి కనీసం 21 ఏళ్లు, క్లాస్ 3 మెడికల్ (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్), ఇంగ్లిష్‌లో ఐకావో కొలమానం ప్రకారం లెవల్ 4 కావాలి, శిక్షణ, పరీక్షలు వేరే. కొన్ని చోట్ల గరిష్ఠ వయసు కూడా ఉంటుంది, ముందే కనుక్కోండి. మీ ఆలోచన అదే అయితే ఇంటర్వ్యూలో దాచకండి, కానీ ముందు ఈ పని చేయడానికే వచ్చానని వాళ్లకి నమ్మకం కలగాలి.

మెడికల్ గురించి అక్కడ ఎవరో ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు, అడగండి.