సీతాఫలం కళ్లు తెరిచిందో లేదో చూసి కొనండి

దసరా దగ్గర పడిందంటే చాలు, ప్రతి ఏడాదీ ఇదే మాట వింటాను: "ఈసారి సీతాఫలాలు బాగాలేవు, తెచ్చినవాటిలో సగం రాళ్లలాగే ఉండి నల్లబడిపోయాయి." పోయిన వారం మా పిన్ని కూడా అదే అంది. కాయలు ఎక్కడ పెట్టావు పిన్నీ అని అడిగితే, ఫ్రిజ్‌లో అంది. పాపం పండు చేసిన తప్పేమీ లేదు, అది చెప్పాలనే ఈ వీడియో.

[కాయను కెమెరా దగ్గరికి తెస్తూ]

ఈ బుడిపెల్ని కళ్లు అంటాం కదా. ఒకే పువ్వులో ఉన్న బోలెడు చిన్న చిన్న అండాశయాలు ఒకదానికొకటి అతుక్కుని ఈ కాయ అయింది, అందుకే లోపల తొన తొనగా విడిపోతుంది. పుప్పొడి అందని చోట కన్ను ఎదగదు, కాయ వంకర పోతుంది. వంకరగా ఉందని పక్కన పెట్టేయకండి, పక్వానికీ దానికీ సంబంధం లేదు.

చూడాల్సింది ఇదిగో, ఈ కళ్ల మధ్య సందు. ఇందులో కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి, సందంతా ఆకుపచ్చే. ఈ రెండో కాయలో కళ్లు ఉబ్బాయి, మధ్యలో గీతలు విచ్చుకుని వెన్న రంగుకి తిరిగాయి. నిద్రపోయే పసివాణ్ణి అనుకోండి. కళ్లు తెరిచినవాణ్ణి ఎత్తుకుంటే నవ్వుతాడు, మంచి నిద్రలో లేపితే రోజంతా ఏడుస్తాడు. కళ్లు తెరవకముందే కోసేసిన కాయ కూడా అంతే, ఎన్ని రోజులు మాగబెట్టినా తీపి రాదు.

మరి ముందే ఎందుకు కోస్తారు? మెత్తబడిన సీతాఫలం ప్రయాణానికి అసలు తట్టుకోదు. దూరం పంపాలంటే గట్టి కాయే కావాలి. అందుకే ఈ పండు మాత్రం దగ్గరి ఊరిదే కొనండి అంటాను. హైదరాబాద్ నుంచి జడ్చర్ల వైపు వెళ్తే హైవే మీదే బాలానగర్ వస్తుంది, ఆ ఊరి పేరుతోనే ఒక రకం సీతాఫలం ఉంది. అక్కడి గుట్టల మీద వానకే పెరిగే చెట్టు, మేకలు కూడా ఆకు ముట్టవు. పొద్దున కోసిన కాయ సాయంత్రానికి మన బుట్టలోకి వస్తుంది కాబట్టి, కళ్లు తెరిచేదాకా ఆగే వీలు ఆ రైతుకి ఉంటుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. గట్టి కాయని 13 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే తొక్క నల్లబడుతుంది, సరిగ్గా పండదు. పసివాడి మీద చన్నీళ్లు కుమ్మరించినట్టే. బియ్యం డబ్బాలోనో ఎండుగడ్డిలోనో పెట్టండి, రెండు మూడు రోజులు చాలు. పండాక కావాలంటే ఒక పూట ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. గుజ్జుని పొయ్యి మీద పెట్టకండి, చేదెక్కుతుంది. బాసుంది చేస్తే పాలు బాగా చల్లారాకే కలపండి. పేలకని గింజలు నూరి తలకి రాస్తుంటారు, ఆ పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం, దయచేసి ఆ పని చేయొద్దు. రామాఫలం గురించి అడిగినవాళ్లకి, దాని కాలం వేరు, శివరాత్రి వెళ్లాక ఆ వీడియో చేస్తాను.