ఉగాది సభలో బ్లూబెల్స్ మాట

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, నాకిచ్చిన ఐదు నిమిషాలూ దానికే సరిపోతాయి, క్షమించాలి.

పిల్లలకు మన పండగల గురించి చెప్పమన్నారు. పొద్దున పచ్చడిలో వేప పువ్వు ఎక్కడిదండీ? మన లండన్‌లో, ఈస్ట్ హామ్ కొట్లో కొన్న ప్యాకెట్. మరి ఇక్కడి వసంతం ఎక్కడుందని మా పాప అడిగింది. ఉందమ్మా, 101 బస్సెక్కితే వాన్‌స్టెడ్ వస్తుంది, అక్కడి పార్కులో షాలే వుడ్ అని చిన్న అడవి. చెట్లు పూర్తిగా ఆకు వేసి నేలంతా నీడ కమ్మేలోపు, ఏప్రిల్ రెండో సగం నుంచి మే మొదటి వారాల దాకా, బ్లూబెల్స్ అనే గంటల్లాంటి నీలం అడవి పూలు గబగబా పూసేస్తాయి. టికెట్ కూడా లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది నా తప్పు గురించి. పాపకు అప్పుడు మూడేళ్లు. ఉగాదికి కుట్టించిన పట్టు లంగా వేసి, దారికి రెండు పక్కలా పేర్చిన దుంగలు దాటించి, పూల మధ్యలో కూర్చోబెట్టాం. ఫ్రేమ్ సరిపోలేదని మా ఆయన ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశారు. అటుగా వెళ్తున్న ఓ పెద్దావిడ ఆగి, కోప్పడకుండా, మీ కాళ్ల కింద ఓసారి చూడండి అంది. చూశాను. కాడలు విరిగి, ఆకులు నేలకు అంటుకుపోయి ఉన్నాయి. పాప లంగా జరీ అంచుకంతా జిగురు. ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది, లైకులూ వచ్చాయి. మరుసటేడు వెళ్తే సరిగ్గా అక్కడే ఒట్టి మట్టి.

ఆకు నలిగితే అడుగున దుంపకు తిండి అందదు. విత్తనం పడి మళ్లీ పువ్వు రావాలంటే కనీసం ఐదేళ్లు కావాలి, అంటే మా పాప ఐదో క్లాసుకొచ్చేస్తుంది! ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం ఈ దేశంలోనే ఉన్నాయి. స్థలం యజమాని అనుమతి లేకుండా అడవిలో దుంపలు తవ్వడం 1981 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం (వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్) ప్రకారం నేరం. తొక్కకుండా ఉండడానికి చట్టం అక్కర్లేదుగా, చూసి నడిస్తే చాలు. వెనక వరసలో రీల్స్ చూస్తున్న తమ్ముడూ, నీకే చెప్తున్నా.

పిల్లలకు బోర్ కొడుతుందంటారా? దారి అంచునే కూర్చోబెట్టి పుప్పొడి రంగు చెప్పమనండి. మీగడ రంగులో ఉండి, కాడ ఓ పక్కకు వంగి, తియ్యటి వాసనొస్తే ఈ దేశపు పువ్వు. నీలం పుప్పొడి, నిటారు కాడ, వాసన దాదాపు లేకపోతే తోటల్లోంచి పాకిన స్పానిష్ రకం. మా పాప గంట సేపు కదల్లేదు. నోట్లో మాత్రం పెట్టనివ్వకండి, మొక్కంతా విషమే.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయిందండీ. ఏప్రిల్ చివరి ఆదివారం పదింటికి బయల్దేరదాం. వాన పడితే బురదలో పిల్లల తోపుడు బండి కదలదు, చంటిపిల్లల్ని ఎత్తుకోవాలి. పులిహోర నేను తెస్తాను. పెరుగన్నం ఎవరు తెస్తారో చేతులెత్తండి.