చెయ్యి ఎటు కదులుతోంది?

(హన్మకొండలో, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మనలో చాలామంది పిల్లల్ని బాసర తీసుకుపోయి అక్షరాభ్యాసం చేయించినవాళ్లమే. అక్కడ పంతులుగారు పిల్ల చెయ్యి పట్టుకుని దిద్దిస్తారు. ఇంటికొచ్చాక మనం ఆ చెయ్యి వదిలేసి, కాపీ పుస్తకం ముందు పెట్టి మన పనిలో పడిపోతాం. నేనూ అదే చేశాను. ఏళ్ల తరబడి బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, మనుమరాలికి అక్షరాలు నేర్పడం ఎంత పని అనుకున్నాను.

అప్పుడు దానికి ఆరేళ్లు. 'బలపం' రాయమంటే బ మీద, ల మీద కూడా తలకట్టు పెట్టేది. తలకట్టు లేనివి ఏవే అంటే జ, ట, ణ, బ, ల అని గడగడా చెప్పేది. రాయమంటే మళ్లీ అంతే. ఒకరోజు గట్టిగా కోప్పడ్డాను. అది ఏడ్చింది, నాకు బీపీ పెరిగింది. మర్నాడు పక్కన కూచుని చూస్తే కదా అసలు సంగతి తెలిసింది! ముందు మూడు తలకట్లు వరసగా గీసుకుంటోంది, కరెంటు తీగ మీద పిట్టల్లాగ. తర్వాత ఒక్కోదాని కింద ఒక్కో అక్షరం తగిలిస్తోంది.

అక్షరాలు దానికి వచ్చు. చెయ్యి నడిచే వరసే తప్పు. "ముందు ఒళ్లు, తర్వాత తలపాగా" అని చెప్పాను. వారంలో సర్దుకుంది. పేజీ ఎంతసేపు చూసినా నాకిది దొరికేది కాదు. బడిలో నలభై పుస్తకాలు ఎర్ర ఇంకుతో దిద్దేవాణ్ణి. రాసే చెయ్యిని ఎన్నడు చూశాను? మీకు ఉన్నది ఒక్కరో ఇద్దరో. పది నిమిషాలు పక్కన కూచోండి చాలు.

కారణం చెప్పి నేర్పితే పిల్లలు మర్చిపోరు. 'కు'లో కొమ్ము పక్కన వస్తుంది. 'వు'లో కిందికి దిగుతుంది. ఎందుకంటే, వ పక్కన కొమ్ము పెడితే అది మ లాగా కనిపిస్తుంది. ఆవు కాస్తా 'ఆమ' అయిందని మా పిల్ల అరగంట నవ్వింది.

ఇంగ్లిష్ కోసం కొన్న నాలుగు గీతల పుస్తకంలో తెలుగు రాయించకండి. 'స్త్రీ' రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, దానికి క్రావడి. ఊపిరాడదు. గీతల పుస్తకంలో వరస విడిచి వరస రాయించండి.

మన అక్షరాలు ఇంత గుండ్రం ఎందుకని అడుగుతారు. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుంది, అందుకని అంటారు. మరి మన వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుని శాసనం ఉంది. భాష సంస్కృతం, లిపి మాత్రం తెలుగు-కన్నడ లిపి. రాయి చీలుతుందన్న భయం లేదు, అయినా గుండ్రంగానే చెక్కారు. ఓ ఆదివారం తీసుకుపోయి, తెలిసిన అక్షరాలు వెతకమనండి.

ఫోన్ ఉండగా రాత ఎందుకన్నారు ఒకరు. రేపు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టినా పెన్నుతోనే రాయాలి కదమ్మా.

నాకు చూపించడానికి నోటుబుక్కులు తెచ్చినట్టున్నారు. వాటిని సంచుల్లోనే ఉంచండి. పిల్లల్ని ముందుకు పంపండి, బల్ల మీద పలకలున్నాయి. మొదటి మాట, బలపం.