బండి చెకింగ్ అంటే టైర్లు కూడా చూడాలె

అందరికీ నమస్తే. ఫ్యాన్ల సౌండ్ ఎక్కువుంది, వెనక కూర్చున్నోళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి.

రోడ్డు మీద చెకింగ్ అనంగనే ఏం గుర్తొస్తది? ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, హెల్మెట్. అన్నీ ఉంటే పో అంటారు. మంచిదే, కాదనను. కానీ ఆపినాయన ఎప్పుడన్నా వంగి మీ వెనక టైరు చూసిండా? మన దగ్గర చెకింగ్ ఉన్నది కాగితాలకి, బండిని చూసేటోళ్లు లేరు.

ఆటోలు, క్యాబులు, లారీలకైతే ఫిట్‌నెస్ టెస్ట్ ఉంటది, ఎనిమిదేళ్ల దాక రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. మన సొంత కారు మాత్రం ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే మళ్ల ఆర్టీఏ మొహం చూసేది 15 ఏళ్లకే. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా టెస్ట్ ఉంటది, బ్రేకులు, లైట్లు, టైర్లు అన్నీ చూస్తారు. షోరూం సర్వీసింగ్ ఉంది గదా అంటారు గానీ, వారంటీ అయిపోయినంక ఎంతమంది పోతున్నారో మీకే తెల్సు.

మీటింగ్ అయినంక పార్కింగ్‌లోకి పోయి ఒక పని చేయండి. టైరు పక్కన DOT అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి, ఆ వరుస చివర నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నట్టు. బటన్ గాడుల లోపల అక్కడక్కడ చిన్న గడ్డలుంటాయి, రబ్బరు అరిగి ఆ గడ్డలతో సమానం అయిందంటే కారు టైరుకైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టే, ఇంక మార్చుడే. అరిగిన టైరు వాన నీళ్లని పక్కకి తోయలేదు, నీళ్ల మీద తేలతది, అప్పుడు బ్రేక్ తొక్కినా స్టీరింగ్ తిప్పినా బండి మన మాట వినదు.

లైసెన్స్ సంగతి కూడా గట్లనే ఉంది. నాగోల్ డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ మీద బైకుతో ఎనిమిది అంకె లెక్క తిప్పి, కారుని హెచ్ ఆకారంలో రివర్స్ తీస్తే పాసు. ట్రాక్ మీద పక్కనుంచి బస్సు రాదు, రాంగ్ రూట్‌లో బైకు రాదు, ఎదురుగా హైబీమ్ కొట్టేటోడు ఉండడు. రెండోరోజు ఆ పిల్లగాడే ఉప్పల్ రింగ్ రోడ్ల పడతడు.

ఇంక స్పీడు. 2022లో దేశంలో రోడ్డు మీద పోయినోళ్లు 1,68,491 మంది, అందులో 71 శాతం ఓవర్‌స్పీడ్ ఖాతాలోనే రాసింది కేంద్రం. 60లో పోతుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, అంటే కాలు బ్రేక్ మీదికి వచ్చేలోపే ఒక బస్సు పొడుగు కన్నా ఎక్కువ దాటేస్తాం. స్పీడు డబుల్ చేస్తే బ్రేక్ తొక్కినంక ఆగే దూరం నాలుగింతలైతది.

మనమేం చేస్తున్నం? కెమెరా కాడ స్లో చేసి, దాటంగనే మళ్ల తొక్కుడు. చలాన్ వస్తే, డిస్కౌంట్ వచ్చినప్పుడు కడదాంలే అని పక్కన పడేసుడు. 2022లో ఒకసారి, 2023 చివర్ల ఇంకోసారి డిస్కౌంట్ ఇచ్చిండ్రు, మరి జనం ఆగి చూడకుండా ఉంటారా! నన్నడిగితే అది కడుతున్నోళ్లని పిచ్చోళ్లని చేసుడే.

ఒక్క కెమెరా కాడి స్పీడు కాదు, రెండు చోట్ల మధ్య ఎంత టైము పట్టిందో చూసి సగటు స్పీడు లెక్క కట్టాలె. ఇటలీలో 2005 నుంచి మోటార్‌వేల మీద ఇదే పద్ధతి. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్‌ఆర్ మీదనైతే ఇంకా ఈజీ, గచ్చిబౌలి కాడ ఎక్కిన టైము, శంషాబాద్ కాడ దిగిన టైము టోల్ గేట్లకి తెలుస్తనే ఉంటది. మధ్యలో 22 కిలోమీటర్లు, లిమిట్ 120లో పోతే 11 నిమిషాలు పడతది. ఎవడన్నా ఎనిమిది నిమిషాలకే దిగితే వాడు 165లో వచ్చిండని మన ఎనిమిదో క్లాసు పిల్లలే లెక్క కట్టి చెప్తారు.

ఇవన్నీ సర్కారు చెయ్యాల్సినవి, మనం అర్జీ పెడదాం, సంతకాల కాగితం ఆ టేబుల్ మీదుంది. ఈలోపు మనం చేసుకునేది ఒకటుంది, వచ్చే ఆదివారం పొద్దున గేటు కాడికి మెకానిక్‌ని పిలుస్తున్నం, గేజ్ పెట్టి అందరి టైర్లు, బ్రేక్ లైట్లు చూస్తడు. స్కూటీలు కూడా తీస్కరండి, వాటినే ఎవరూ పట్టించుకోరు. ఇంక ఎవరికన్నా డౌట్లుంటే అడగండి.